ఉత్తర టెక్సస్‌లో గ్యారేజీ తలుపు: ఋతువు మారినప్పుడల్లా చేయవలసిన సంరక్షణ

డాలస్, ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామందికి ఇంటి అసలు వాకిలి గ్యారేజీ తలుపే. వీధి తలుపు చుట్టాలు వచ్చినప్పుడు తీస్తారు. పిల్లల బడి, ఉద్యోగం, కిరాణా, గుడి, ఇలా రోజువారీ రాకపోకలన్నీ గ్యారేజీ గుండానే సాగుతాయి. ఇంట్లో కదిలే వస్తువులన్నింటిలోకీ పెద్దది, బరువైనది కూడా ఈ తలుపే. అయినా పొయ్యికీ, ఏసీకీ ఇచ్చే శ్రద్ధలో పదోవంతైనా దీనికి దక్కదు. బటన్ నొక్కితే లేస్తున్నంత కాలం దాని సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

ఈ ప్రాంతపు వాతావరణం తలుపుకు అంత తేలికైనది కాదు. 2011 వేసవిలో డాలస్–ఫోర్ట్‌వర్త్‌లో 100 డిగ్రీల ఫారన్‌హీట్, ఆ పైన నమోదైన రోజులు 71. అదే చోట 2021 ఫిబ్రవరి 16న ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పడిపోయింది. ఏప్రిల్, మే నెలల్లో వడగళ్లు, సుడిగాలులు వస్తాయి. చలికాలంలో ఉత్తరాన్నుంచి శీతల పవనం దిగితే పొద్దున పొట్టిచేతుల చొక్కాతో తిరిగినవారు సాయంత్రానికి కోటు వెతుక్కోవలసి వస్తుంది. ఇన్ని మార్పుల మధ్య ఉక్కు, రబ్బరు, ప్లాస్టిక్, కాంక్రీటు ఒక్కొక్కటీ ఒక్కో తీరున వ్యాకోచించి, సంకోచిస్తాయి. అందుకే ఏడాదికొక్కసారి కాస్త నూనె చిలకరించి ఊరుకుంటే ఇక్కడ సరిపోదు. ఉగాదికి ముందు ఒకసారి, దసరాకు ముందు మరొకసారి పూర్తి పరీక్ష చేసి, నడివేసవిలోనూ, గడ్డకట్టే చలి హెచ్చరిక వచ్చినప్పుడూ చిన్నపాటి పనులు చేసుకుంటే చాలు. దసరాకు కారును కడిగి ఆయుధ పూజ చేసుకునే ఇళ్లలో ఆ ముందు వారాంతం ఈ పనికి సరిగ్గా కుదురుతుంది, ఎలాగూ గ్యారేజీ అంతా సర్దుతారు కాబట్టి.

తలుపును మోసేది మోటారు కాదు

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో స్పష్టంగా ఉండాలి. రెండు కార్లు పట్టే 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉన్న ఉక్కు తలుపు సుమారు 150 పౌండ్ల నుంచి, లోపల ఇన్సులేషన్ ఉంటే 200 పౌండ్లు దాటి కూడా తూగుతుంది. దేవదారు చెక్క తలుపైతే ఇంకా ఎక్కువ. ఆ బరువును మోసేది పైకప్పుకు వేలాడే ఓపెనరు (తలుపును నడిపే మోటారు పెట్టె) కాదు, తలుపు పైన అడ్డంగా ఉండే ఇరుసుకు చుట్టుకొని ఉన్న స్ప్రింగులు. తలుపు దిగుతున్నప్పుడు ఆ స్ప్రింగులు బిగుసుకొని శక్తిని దాచుకుంటాయి, లేస్తున్నప్పుడు ఆ శక్తినే తిరిగి ఇస్తాయి. స్ప్రింగులు సరిగా ఉన్న తలుపును పెద్దవాళ్లు ఒక చేత్తో ఎత్తగలరు. మోటారు చేసే పని ఆ తేలికైన తలుపును ముందుకూ వెనక్కూ నడపడం మాత్రమే.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. స్ప్రింగు పట్టు సడలినా, తలుపు అంచుల్లోని చిన్న చక్రం (రోలరు) అరిగినా, అది దొర్లే ఉక్కు దారి (ట్రాకు) వంగినా మోటారు ఇంకొంచెం బలం పెట్టి తలుపును ఎత్తుతూనే ఉంటుంది. బటన్ నొక్కే మనకు తేడా తెలియదు. నెలల తరబడి ఆ అదనపు భారం మోసిన ఓపెనరులోని ప్లాస్టిక్ పళ్లచక్రం ఒకనాడు అరిగిపోతుంది. అప్పుడు ఓపెనరు పాడైందనుకొని దానినే మారుస్తాం, అసలు జబ్బు మాత్రం అలాగే ఉండిపోతుంది. కాబట్టి ఏ ఋతువులోనైనా సంరక్షణ అంటే మొదట మోటారును పక్కన పెట్టి తలుపును చేత్తో కదిపి చూడడమే.

ముట్టుకోకూడనివి

స్ప్రింగులను బిగించడం, సడలించడం, వాటి చివర ఉన్న శంకువు ఆకారపు బిళ్లల స్క్రూలను తిప్పడం ఇంటివాళ్లు చేయకూడని పనులు. తలుపు మూసి ఉన్నప్పుడు ఆ చుట్లలో తలుపు బరువంతా ఎత్తగల శక్తి ఉంటుంది. పట్టు తప్పితే బిగించే ఇనుప కడ్డీ మనిషి ఎముకలు విరిచేంత వేగంతో తిరుగుతుంది. తలుపు అడుగున రెండు మూలల్లో, తలుపును ఎత్తే ఉక్కు తాడును (కేబుల్) బిగించిన బ్రాకెట్లూ అంతే ప్రమాదకరమైనవి. వాటి బోల్టు విప్పితే కేబుల్ లాగివున్న శక్తి అంతా ఒక్కసారిగా బయటపడుతుంది. చాలా తలుపుల్లో ఈ బోల్టులకు ఎర్ర రంగు పూసి ఉంటుంది, రంగు లేకపోయినా అదే నియమం. ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి స్ప్రింగు మార్చుకోవచ్చని చెప్పేవారున్నారు. మిగిలే డబ్బు ఆ ప్రమాదానికి తగినది కాదని నా దృఢమైన అభిప్రాయం.

కొన్ని పాత ఇళ్లలో ఇరుసు స్ప్రింగుకు బదులు, రెండు వైపులా అడ్డ ట్రాకుల పైన సాగే పొడవాటి స్ప్రింగులు ఉంటాయి. అలాంటివి ఉంటే ఒక్కొక్క స్ప్రింగు మధ్యగా ఒక రక్షణ తీగ వెళ్లి రెండు చివర్లా కట్టి ఉందో లేదో చూడండి. స్ప్రింగు తెగినప్పుడు ముక్కలు ఎగిరి వచ్చి కారుకో మనిషికో తగలకుండా ఆపేది ఆ తీగే. లేకపోతే పనివాణ్ణి పిలిచి వెంటనే పెట్టించండి.

పూర్తి పరీక్ష: ఉగాదికి ముందు, దసరాకు ముందు

ఈ పరీక్షకు ఒక గంటన్నర పడుతుంది. కార్లు బయటపెట్టి, పిల్లలను లోపలికి పంపి, స్థిరంగా నిలిచే నిచ్చెన, టార్చి, పాత గుడ్డలు, మెత్తని బ్రష్షు, 7/16 అంగుళాల సాకెట్టు ఉన్న రెంచి, సిలికాన్ లేదా తెల్ల లిథియం కందెన స్ప్రే, మందం అంగుళంన్నర ఉండే టూ-బై-ఫోర్ చెక్కముక్క దగ్గర పెట్టుకోండి. తలుపు ట్రాకులను తుడవడానికి కిరోసిన్, పెట్రోలు లాంటివి వాడవద్దు. వాటర్ హీటర్ గ్యారేజీలోనే ఉన్న ఇళ్లలో వాటి ఆవిరి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

మొదట మోటారుతోనే తలుపును ఒకసారి పైకీ కిందికీ నడిపి, లోపల నిలబడి చూడండి, వినండి. రెండు వైపులా సమంగా లేస్తోందా, ఒక మూల వెనుకబడుతోందా, మధ్యలో ఎక్కడైనా జర్కు ఇస్తోందా గమనించండి. కీచుమనే శబ్దం తలుపు పలకలను ఒకదానితో ఒకటి కలిపే మడతబందులు (హింజెలు) ఎండిపోవడం వల్ల, గరగరమనే శబ్దం అరిగిన రోలర్లది కావచ్చు. ఒకే చోట ప్రతిసారీ టక్కుమంటే అక్కడ ట్రాకు అతుకు ఎగుడుదిగుడుగా ఉందని అనుమానించాలి.

ఇప్పుడు తలుపును పూర్తిగా మూసి, ఓపెనరు ప్లగ్గు పీకేయండి. పైనుంచి వేలాడే ఎర్ర పిడి తాడును లాగితే తలుపు మోటారు నుంచి విడిపోతుంది. ఈ తాడును తలుపు కిందికి దిగి ఉన్నప్పుడే లాగాలన్నది ఎప్పుడూ మరువకూడదు. తలుపు పైన ఉండగా లాగితే, స్ప్రింగు అప్పటికే తెగి ఉంటే, బరువంతా ఒక్కసారిగా కిందికి వచ్చి పడుతుంది. విడిపోయిన తలుపును రెండు చేతులతో నెమ్మదిగా నడుము ఎత్తు దాకా లేపి, చేతులు దగ్గరలోనే ఉంచి మెల్లగా వదలండి. అడుగున కాళ్లు పెట్టవద్దు. తలుపు అక్కడే నిలిచినా, ఒకటి రెండు అంగుళాలు కదిలి ఆగినా సమతూకం బాగున్నట్టే. బరువుగా కిందికి జారిపోతే స్ప్రింగు సడలింది. దానంతట అదే పైకి దూసుకుపోతే స్ప్రింగు అవసరానికి మించి బిగించి ఉంది. రెండింటిలో ఏదైనా సరే, అది పనివాడి చేత సరిచేయించవలసినదే, అప్పటిదాకా మోటారును నడపడం తగ్గించాలి. మొత్తం సంరక్షణలో ఒక్క పనికే సమయం ఉందంటే ఈ పరీక్ష ఒక్కటి చేయమని చెబుతాను.

తలుపు చేతిలో ఉండగానే దానిని పూర్తిగా పైకీ కిందికీ మరో రెండుసార్లు నడపండి. మోటారు మోతలో వినిపించని బిగుతులన్నీ ఇప్పుడు అరచేతికి తెలుస్తాయి. ఒకచోట పట్టేసినట్టుంటే ఆ ఎత్తులో రోలరుకూ ట్రాకుకూ మధ్య సందు చూడండి. ట్రాకు లోపలికి నొక్కుకుపోయిన చోట, సైకిలో చెత్తబండో తగిలి వంగిన గుర్తు తరచుగా దొరుకుతుంది.

తరువాత తలుపును కిందికి దించి మడతబందులు, రోలరు బ్రాకెట్లు, ట్రాకును గోడకు పట్టే బిగింపుల నట్లను ఒక్కొక్కటిగా తడిమి, వదులైనవాటిని బిగించండి. రోజుకు నాలుగైదుసార్లు ఊగే తలుపులో నట్లు వదులవడం సహజం. గట్టిగా పట్టేంతవరకే బిగించాలి, పలుచని ఉక్కు రేకు కాబట్టి అతిగా తిప్పితే రంధ్రం పెద్దదై బోల్టు నిలవదు. అడుగు మూలల బ్రాకెట్లను మాత్రం ముందే చెప్పినట్టు వదిలేయండి. వాటి దగ్గరికి టార్చి పట్టి కేబుల్‌ను కళ్లతోనే పరీక్షించండి. నీరు, తుప్పు చేరేది ముఖ్యంగా కింది కొసలోనే. అక్కడ ఒక్క పోగు తెగి ముల్లులా లేచినా కేబుల్ మార్పించే సమయం వచ్చినట్టే.

కందెన విషయంలో జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, మామూలు డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయడం. అది తుప్పునూ జిడ్డునూ వదలగొట్టడానికి మంచిదే కాని, ఎక్కువ కాలం నిలిచే కందెన కాదు, ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. రెండోది, ట్రాకుల నిండా గ్రీజు పూయడం. రోలర్లు ట్రాకులో దొర్లాలి, జారకూడదు. పైగా ఆ గ్రీజుకు అంటిన దుమ్ము వేసవిలో జిగురుగానూ, చలికాలంలో మట్టిలాగా గట్టిగానూ మారి దారికి అడ్డమవుతుంది. ట్రాకులను పొడిగుడ్డతో తుడిచి శుభ్రంగా ఉంచితే చాలు. కందెన పడవలసినవి మడతబందులు తిరిగే కీళ్లు, రోలరు మధ్యలోని బేరింగు, ఇరుసు రెండు చివర్లలో ఉండే బేరింగు పలకలు. తెల్లని నైలాన్ రోలరు అయితే చక్రం మీద స్ప్రే పడనీయవద్దు, బేరింగు దగ్గర ఒక చుక్క సరిపోతుంది. స్ప్రింగు చుట్ల మీద కూడా నిచ్చెన పక్కకు వేసుకొని, తలుపు మూసి ఉండగా, పైపైన తేలికగా స్ప్రే చేసి కారిన దానిని తుడిచేయండి. చుట్టుకూ చుట్టుకూ మధ్య రాపిడి తగ్గుతుంది, తుప్పు పట్టదు. బెల్టుతో నడిచే ఓపెనరు బెల్టుకు కందెన అవసరం లేదు. గొలుసుతో నడిచేదైతే తయారీదారు పుస్తకంలో చెప్పిన దానినే వాడాలి.

ఇక భద్రత పరీక్షలు. ప్లగ్గు తిరిగి పెట్టి, తలుపును ఓపెనరుకు తగిలించండి. అమెరికాలో 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ఇంటి ఓపెనర్లకు, తలుపు కింద ఏదైనా చిక్కుకోకుండా కాపాడే బయటి రక్షణ సాధనం తప్పనిసరి. సాధారణంగా అది నేలకు ఆరు అంగుళాలు మించని ఎత్తులో రెండు వైపులా ఉండే కాంతి సెన్సర్ల జత. తలుపు దిగుతుండగా చీపురు కర్రను ఆ కాంతి రేఖకు అడ్డం పెడితే వెంటనే ఆగి వెనక్కి లేవాలి. మన ఇళ్లలో గ్యారేజీలో పొయ్యి పెట్టుకొని వేపుళ్లు చేసుకునే అలవాటు ఉంది. అలాంటి చోట సెన్సరు అద్దం మీద పలుచని నూనె పొర చేరుతుంది. మెత్తని గుడ్డతో దానిని తుడవడం మరువవద్దు. రెండో పరీక్షకు టూ-బై-ఫోర్ చెక్కముక్కను వాకిలి మధ్యలో నేల మీద పడుకోబెట్టి తలుపు మూయండి. చెక్కకు తగిలిన రెండు సెకన్లలోపు అది తిరిగి లేవాలి. లేవకుండా చెక్కను నొక్కుతూ ఉంటే ఓపెనరు పుస్తకం ప్రకారం అది నెట్టే బలం, తలుపు ఎంతవరకు దిగాలన్న హద్దు సరిచేసి మళ్లీ చూడండి. అయినా ఫలితం లేకపోతే ఆ ఓపెనరును వాడడం ఆపాలి. ఈ రెండు పరీక్షలను మాత్రం నెలకొకసారి చేయాలి, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇంట్లో.

వసంతం: గాలి, వడగళ్లు

2015 డిసెంబరు 26న గార్లండ్, రౌలెట్ మీదుగా, 2019 అక్టోబరు 20న ఉత్తర డాలస్ మీదుగా సుడిగాలులు వెళ్లాయి. అంటే ఏ నెలా పూర్తిగా సురక్షితం కాదు, కాని ముప్పు ఎక్కువగా ఉండేది వసంతంలోనే. పెనుగాలిలో ఇంటికి గ్యారేజీ తలుపు ఎందుకు కీలకమంటే, అది ఇంటి గోడల్లో అన్నింటికంటే పెద్ద ఖాళీ. తలుపు లోపలికి కూలితే గాలి చొరబడి కప్పును కిందినుంచి పైకి నెడుతుంది, అదే సమయంలో బయటి గాలి కప్పును పైకి లాగుతుంది. ఆ రెండూ కలిస్తే కప్పు లేచిపోయే అవకాశం ఎంతో పెరుగుతుంది.

కాబట్టి ఉగాది ముందరి పరీక్షలో తలుపు లోపలి వైపు అడ్డంగా ఉండే ఉక్కు పట్టీలను చూడండి. 16 అడుగుల తలుపుకు పై పలకకైనా అలాంటి పట్టీ ఉండాలి. లేనిచోట తలుపు పైకి లేచినప్పుడు మధ్యలో కుంగి కనిపిస్తుంది. తలుపు లోపలి అంచున అతికించిన చీటీలో గాలి ఒత్తిడిని ఎంతవరకు తట్టుకోగలదో రాసి ఉందేమో చదవండి. కొత్త తలుపు కొనేటప్పుడు రంగు, కిటికీల అందం చూసే ముందు ఈ సంగతి అడగాలి. తలుపుకు సొంతంగా అదనపు ఇనుప పట్టీలు బిగించుకుంటే బరువు పెరిగి సమతూకం తప్పుతుందని గుర్తుంచుకోండి.

తుఫాను హెచ్చరిక రాగానే గ్యారేజీ తలుపునూ, ఇంట్లోకి వెళ్లే లోపలి తలుపునూ మూసేయండి. ఒత్తిడి సమానం కావాలని తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచమనే పాత సలహా తప్పు. గ్యారేజీలో మాత్రం తలదాచుకోవద్దు. వడగళ్ల కాలానికి ముందు తలుపు బయటి వైపును పట్టపగటి వెలుగులో ఫొటోలు తీసి ఉంచుకుంటే, తరువాత బీమా వారితో మాట్లాడేటప్పుడు ఏ సొట్ట ఎప్పటిదో వాదన ఉండదు. సొట్ట పలక మధ్యలో ఉంటే అది చూపుకు సంబంధించిన లోపమే. రెండు పలకలు కలిసే అంచు దగ్గర పడితే మాత్రం అక్కడ మడత పట్టేసి తలుపు బిగుసుకోవచ్చు. ఆ అంచులను చేత్తో నడిపి పరీక్షించాలి.

వేసవి: ఎండ, ఎండిన నేల

పడమర ముఖం గ్యారేజీల బాధ వేరే. మధ్యాహ్నమంతా ఎండకు కాగిన ఉక్కు రేకు లోపలి గాలిని పొయ్యిలా వేడెక్కిస్తుంది. దీనికి విరుగుడుగా చాలామంది ఫోం పలకలో, రేకు పూత ఉన్న దుప్పట్లో తెచ్చి తలుపు లోపలి వైపు అతికిస్తారు. ఆలోచన మంచిదే, ఫలితమూ ఉంటుంది. కాని తలుపు మీద ఎంత బరువు చేరినా అది స్ప్రింగు లెక్కలో లేని బరువే. పలకలు అతికించిన రోజే సమతూక పరీక్ష మళ్లీ చేయండి. తలుపు కిందికి జారితే స్ప్రింగు సరిచేయించాకే మోటారును వాడండి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోక ఓపెనరు పోగొట్టుకునే ఇళ్లు చాలానే ఉంటాయి. ముదురు రంగు వేయించాలనుకుంటే, ఇన్సులేషన్ ఉన్న తలుపుల విషయంలో తయారీదారు అనుమతి ఉందో లేదో ముందు చూడాలి. బయటి రేకు విపరీతంగా వేడెక్కి, లోపలి రేకు చల్లగా ఉంటే పలక విల్లులా వంగుతుంది. ముదురు రంగు ఆ తేడాను ఇంకా పెంచుతుంది.

దేవదారు తలుపులకు వేసవి మొదట్లో, వర్షాలు తగ్గి చెక్క ఆరాక, పూత వేయడం మేలు. ముందువైపు మెరుగుపెట్టి అడుగు అంచును మరిచిపోవడం సాధారణం. నీరు పీల్చుకునేది ఆ అంచే, చెక్క ఉబ్బి బరువెక్కేది అక్కడినుంచే.

ఆగస్టు నాటికి మరో మార్పు కనిపిస్తుంది. డాలస్ చుట్టుపక్కల ఉన్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నల్లమట్టి. తెలంగాణ, రాయలసీమ నల్లరేగడి తెలిసిన వారికి దీని స్వభావం వేరుగా చెప్పనక్కరలేదు: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోళ్లు తెరుస్తుంది. ఇక్కడి ఇళ్లు ఆ మట్టి మీదనే పరిచిన కాంక్రీటు పలకల మీద నిలిచి ఉంటాయి. కరువు నెలల్లో ఒక పక్క మట్టి కుంగితే గ్యారేజీ నేల, చట్రం అతి స్వల్పంగా పక్కకు ఒరుగుతాయి. పగటిపూట గ్యారేజీ లోపల దీపం ఆర్పి తలుపు మూసి చూస్తే అడుగున ఒక మూల నుంచి మాత్రమే వెలుగు గీత కనిపిస్తుంది. అలా కనిపించగానే ఓపెనరు దిగే హద్దును పెంచి తలుపును నేలకు ఇంకా గట్టిగా అదిమేలా చేయవద్దు. అలా చేస్తే తలుపు చట్రం వంగుతుంది, చెక్కముక్క పరీక్ష కూడా తప్పవచ్చు. ఆ వెలుగు గీత ఎంత పొడవుందో గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టి, శరదృతువు వర్షాలు పడ్డాక మళ్లీ చూడండి. మట్టి ఉబ్బి సందు దానంతట అదే తగ్గితే అడుగు రబ్బరును మరింత వెడల్పైన దానితో మార్చడం సరిపోతుంది. తగ్గకుండా, గోడల్లో తలుపు మూలల నుంచి ఏటవాలు బీటలు కూడా వస్తే చూపించవలసింది గ్యారేజీ పనివాడికి కాదు, పునాదుల ఇంజనీరుకు. ఇంటి చుట్టూ పునాది వెంబడి నీళ్లు ఊరే గొట్టం పరిచి ఎండాకాలంలో మట్టిని ఒకేలా తడిగా ఉంచడం ఇక్కడి వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పని. తలుపుకు కూడా అది మేలే చేస్తుంది.

శరదృతువు: వాలిన సూర్యుడు, రబ్బరు పట్టీలు

అక్టోబరు నుంచి సూర్యుడు వాలుగా రావడంతో, పడమర ముఖం ఇళ్లలో సాయంత్రం ఒక సమయంలో తలుపు మూసుకోవడానికి మొరాయిస్తుంది. ఓపెనరు దీపం మిణుకుమిణుకుమంటుంది. కాంతిని అందుకునే సెన్సరు మీద నేరుగా ఎండ పడడం దీనికి ఒక కారణం. అందుకునే సెన్సరును నీడ పడే వైపు అమర్చినా, దాని ముందు చిన్న గొట్టం ముక్కను నీడగా పెట్టినా సమస్య తీరుతుంది. మోటారు పాడైందనుకొని ఖర్చు పెట్టే ముందు, అదే తలుపు రాత్రి సరిగా మూసుకుంటోందా అని చూడండి. రిమోటు దూరం తగ్గిపోతే ఓపెనరులో కొత్తగా పెట్టిన ఎల్ఈడీ బల్బును తీసి చూడండి. కొన్ని బల్బులు రేడియో సంకేతానికి అడ్డం వస్తాయి.

దసరా ముందరి పరీక్షలో రబ్బరు పట్టీలకు సమయం ఇవ్వండి. వేసవి ఎండకు అడుగు రబ్బరు గట్టిపడి, వేలితో నొక్కితే తిరిగి లేవదు. దానిని గాడిలోంచి లాగి, పాత ముక్కనే దుకాణానికి తీసుకువెళ్లి అదే ఆకారపు గాడికి సరిపోయేది తెచ్చుకోండి. గాడి ఆకారాలు ఒక్కో తయారీకి ఒక్కో తీరు. కొత్త రబ్బరును సబ్బునీళ్లతో తడిపితే సులభంగా జారుతుంది. ఇద్దరు మనుషులుంటే అరగంట పని. పక్క పట్టీలు తలుపును మెల్లగా తాకాలి, గట్టిగా రాస్తే మోటారుకు అనవసరపు భారం. చలి మొదలైతే ఎలుకలు వెచ్చని చోటు వెతుక్కుంటాయి. పావు అంగుళం సందు ఉన్నా వాటికి దారి దొరికినట్టే. బియ్యం బస్తాలు గ్యారేజీలో నిల్వ ఉంచే ఇళ్లు ఈ పనిని వాయిదా వేయకూడదు.

శీతాకాలం: తెగే స్ప్రింగు, అతుక్కునే రబ్బరు

సాధారణ స్ప్రింగుకు తయారీలో అనుకునే ఆయుష్షు 10,000 ఆవర్తనాలు, అంటే తలుపు అన్నిసార్లు లేచి దిగడం. రోజుకు నాలుగుసార్లు తెరిచే ఇంట్లో అది సుమారు ఏడేళ్లకు నిండుతుంది. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తూ పిల్లలను తరగతులకు తిప్పే ఇంట్లో అంతకంటే ముందే. అలసిన ఉక్కు చలి బిగువుకు తట్టుకోలేక, గడ్డకట్టే మొదటి ఉదయాల్లోనే తెగుతుంటుంది. తుపాకి పేలినంత చప్పుడు వినిపిస్తుంది. ఇరుసు వైపు చూస్తే స్ప్రింగు చుట్ల మధ్య రెండంగుళాల ఖాళీ కనిపిస్తుంది. అప్పుడు బటన్ మళ్లీ మళ్లీ నొక్కవద్దు. ఆ క్షణం నుంచి తలుపు పూర్తి బరువు మోటారుదే. తలుపు మూసి ఉంటే అలాగే వదిలి పనివాణ్ణి పిలవండి. తెరిచి ఉండగా తెగితే దాని కిందికి ఎవరినీ పోనివ్వకండి, ఎర్ర తాడు లాగవద్దు. ఇల్లు కట్టి ఆరేళ్లు దాటి స్ప్రింగులు మార్చని వారు నవంబరులోనే మార్పించుకోవడం మంచిది. రెండు స్ప్రింగులున్న తలుపుకు ఒకటే తెగినా రెండూ కలిపి మార్పించాలి. రెండింటి వయసు ఒకటే కాబట్టి రెండోది ఎక్కువ కాలం నిలవదు, ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే ఇరుసు మీద బలం సమంగా ఉండదు. 20,000కు మించి ఆవర్తనాలు తట్టుకునే స్ప్రింగులు కూడా దొరుకుతాయి. రోజూ ఎక్కువసార్లు తెరిచే ఇళ్లకు వాటి అదనపు ధర గిట్టుబాటే.

మంచు, గడ్డకట్టే వాన వచ్చే ముందు తలుపు గడప దగ్గర నిలిచిన నీటిని తుడిచి, అడుగు రబ్బరుకు గుడ్డతో పలుచగా సిలికాన్ పూయండి. అయినా రబ్బరు నేలకు అతుక్కుంటే మోటారుతో లాగడానికి ప్రయత్నించవద్దు, రబ్బరు చిరుగుతుంది లేదా పళ్లచక్రం పోతుంది. ఎర్ర తాడు లాగి తలుపును విడిపించి, ప్లాస్టిక్ పలకతో మంచును కొద్దికొద్దిగా వదలగొట్టండి, లేదా జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి పట్టండి. మరిగే నీళ్లు పోస్తే అవే మళ్లీ గడ్డకడతాయి. రాతి ఉప్పు తలుపు అడుగు ఉక్కునూ, కాంక్రీటునూ తినేస్తుంది, జారకుండా ఉండటానికి ఇసుక చాలు. నీళ్ల గొట్టాలో వాటర్ హీటరో గ్యారేజీలో ఉంటే గడ్డకట్టే రాత్రుల్లో తలుపు పూర్తిగా మూసి ఉండాలి.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో 40 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. బ్యాటరీ లేని ఓపెనర్లున్న ఇళ్లలో తలుపు తెరవడానికి చేతి దారి ఒక్కటే మిగిలింది. అప్పుడు వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు నడిపినవారిలో కొందరు కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యారు. తలుపు సగం తెరిచి ఉంచినా సరే, గ్యారేజీలో కారు, జనరేటరు, బొగ్గుల కుంపటి వంటివి నడపకూడదు.

కరెంటు లేనప్పుడు తలుపు తెరవడం ఇంట్లో పెద్దవారందరికీ, ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మానాన్నలకు కూడా, చలికాలం రాకముందే ఒకసారి చేయించి చూపించండి. తలుపు కిందికి ఉన్నప్పుడే ఎర్ర తాడు లాగడం, రెండు చేతులతో మధ్యలో పట్టి ఎత్తడం, వేళ్లు పలకల మధ్య పెట్టకుండా అడుగు పిడినే పట్టుకోవడం నేర్పండి. మోటారు నుంచి విడిపోయిన తలుపుకు తాళం లేనట్టే. రాత్రికి లోపలి గడియను ట్రాకు రంధ్రంలోకి తోసి మూయాలి. కరెంటు వచ్చాక ముందు ఆ గడియను వెనక్కి తీసి, తరువాతే తలుపును ఓపెనరుకు తగిలించి బటన్ నొక్కాలి. గడియ వేసి ఉండగా మోటారు నడిస్తే తలుపు పై పలక వంగిపోతుంది, అందుకే ఆ వరుసను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, గోడ మీది బటన్ పక్కన అతికించండి.